తొమ్మిది మలుపుల నేలమాళిగ

ఆ నేలమాళిగలోంచి కృపావతమ్మ తప్పించుకోవడం అది పదిహేడోసారి.

బయటపడగానే ఆవిడ తలకున్న పట్టీ ఊడదీసి బల్లమీద పెట్టి, "ఇంతేనా? ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది. రెండేళ్ళు కిందామీదా పడి ఒక ఆట తయారుచేసినవాళ్ళతో అనవలసిన మాట కాదది. అయినా కోడలు బ్యూలా మొహం చేటంత అయింది.

"ఇంకోసారి ఆడతారా అత్తయ్యా?"

"ఆడతాన్లే గానీ ముందు కాస్త టీ పొయ్యి. లోపల గాలి ఆడట్లేదు."

లోపల అంటే ఎక్కడో కాదు. కాకినాడ రామారావుపేటలో, వాళ్ళ మేడమీద గదిలో, రెండు కిటికీలూ బార్లా తెరిచి ఉండగా కుర్చీలో కూర్చునే ఆవిడ ఆ చెరలో తిరిగొచ్చింది. బ్యూలా అంతకుముందు మెదడు తరంగాలు చదివే యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఎనిమిదేళ్ళు పనిచేసింది. భర్త నతానియేలు ఊళ్ళోనే ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు, ఖాళీ దొరికితే బొమ్మలు గీస్తాడు, చప్పుళ్ళు పోగేస్తాడు. నేలమాళిగలో గోడల చెమ్మా, నీటిచుక్క పడే చప్పుడూ అతని చేతివే. వాళ్ళ కంపెనీ అంటే ఆ ఇద్దరే, ఆఫీసు అంటే ఆ గదే, క్యాంటీను అంటే కృపావతమ్మే.

ఆటలో కత్తి లేదు, దీపం లేదు, పటం లేదు. ఒక చెరలో కళ్ళు తెరుస్తారు. అక్కణ్ణించి బయటి తలుపుకి తొమ్మిది మలుపులు. ప్రతి మలుపులోనూ మూడు దారులు. తప్పు దారి పట్టారో, మళ్ళీ మొదటి చెరలోనే తేలతారు. ఇంతే అయితే చిన్నపిల్లలు కూడా పదిసార్లు తిరిగి దారి బట్టీ పట్టేస్తారు. అక్కడే ఉంది బ్యూలా గడుసుతనం. ఆ నేలమాళిగలో గోడలు కదలవు, దారి మారదు. మారేది ఆడేవాడే.

నుదుటికి కట్టుకునే ఆ పట్టీలో చొక్కా గుండీలంత ఎనిమిది బిళ్ళలుంటాయి. "ఆఁ, ఇటే కదా" అని మనిషి నమ్మకంగా అనుకున్నప్పుడు మెదడులో ఒక చిన్న మెరుపు లేస్తుంది. పట్టీ దాన్ని పట్టుకుని, ఒళ్ళు జలదరించేంత కూడా లేని చిన్న తాకిడి ఒకటి తిరిగి పంపుతుంది. దాంతో అప్పుడే పడిన ఆ గురుతు సడలిపోతుంది. ఏ మలుపు గట్టిగా తెలుసో అదే ముందు జారిపోతుంది. ఆడినవాళ్ళు జుట్టు పీక్కునేవాళ్ళు. "ఇప్పుడే కదండీ ఇటొచ్చాను, ఇప్పుడే కదా!" అని గగ్గోలు పెట్టి, పట్టీ తీసేశాక పడీపడీ నవ్వేవాళ్ళు. అయిదుగురు స్నేహితులు నెలల తరబడి ఆడారు. ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. సడలేది నిమిషాల కిందటి జ్ఞాపకమే, పాతవాటి జోలికి అది పోదు. బ్యూలా లెక్క అది.

ఆ ఆటని గెలిచింది ఒక్క కృపావతమ్మే. కాకినాడ నుంచి అమలాపురం వెళ్ళే బస్సులో ఇరవయ్యారేళ్ళు కండక్టరుగా చేసి రెండేళ్ళ కిందట రిటైరయింది ఆవిడ. ఇంట్లో ఊరికే కూర్చోలేక మేడెక్కి, "నాకూ ఒకసారి కట్టవే అది" అంది. అంతే. ఆవిడ పట్టు బిగించే కొద్దీ ఆట కూడా తాకిడి పెంచుకుంటూ పోయేలా బ్యూలా దాన్ని తయారుచేసింది. అలా అత్తా, ఆటా రెండు నెలలుగా పంతం పట్టి కూర్చున్నాయి. అత్తగారి వల్ల ఆట రాటుదేలుతోందని బ్యూలా మురిసిపోయింది. ఇంకో మూడు వారాల్లో బెంగుళూరులో, చిన్న చిన్న బృందాలు సొంతంగా చేసిన ఆటలకి ఒక ప్రదర్శన ఉంది. వందల్లోంచి ఏరిన పన్నెండింటిలో వీళ్ళది ఒకటి.

ఆ గురువారం పొద్దున్నే కృపావతమ్మ తాళ్ళరేవులో ప్రార్థన కూటానికని బయల్దేరింది. అక్కడ ఆవిడ చెల్లెలుంది. పదకొండు గంటలకి ఫోను చేసింది.

"అమ్మాయ్, అమలాపురం వచ్చాను."

"తాళ్ళరేవన్నారుగా అత్తయ్యా?"

"ఆఁ... ఊరికే వచ్చాన్లే. ఇక్కడ అరటిపళ్ళు బావుంటాయిగా."

సాయంత్రానికి ఒక పెద్ద అరటి గెలతో తిరిగొచ్చింది. ముగ్గురున్న ఇంట్లో అన్ని పళ్ళు ఎవరు తింటారని నతానియేలు వేళాకోళం చేశాడు. ఆవిడ నవ్వలేదు. బ్యూలా అది గమనించింది గానీ, ఆ వేళ ప్రదర్శనకి పంపాల్సిన కాగితాల హడావుడిలో పట్టించుకోలేదు. తరవాత చాలా రోజులు తనని తాను తిట్టుకున్నది దానికే.

రెండు రోజుల తరవాత ఎదురింటి వరాలుగారు వచ్చింది. ఆ వీధిలో ఎవరు ఎక్కడికి ప్రయాణం కట్టినా ముందు కృపావతమ్మని అడిగి వెళ్ళడం ఆనవాయితీ. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, ఎటుపక్క కూర్చుంటే ఎండ పడదు, అన్నీ ఆవిడ నోటిమీదే ఉండేవి.

"కండక్టరుగారూ, పిల్లల్ని కోరంగి మడ అడవులకి తీసుకెళ్తున్నామండి. ఎక్కడ దిగితే దగ్గరండి?" అని అడిగింది వరాలుగారు.

కృపావతమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "బస్సులో కండక్టర్ని అడుగమ్మా. ఆ అమ్మాయి చెబుద్ది" అంది.

వరాలుగారు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. బ్యూలా గుమ్మంలోంచి అత్తగారి చేతులవైపు చూసింది. ఆవిడ మంచి బియ్యపు గింజలు ఏరి కింద పడేస్తోంది. రాళ్ళు చేటలోనే ఉన్నాయి.

బ్యూలా వెళ్ళి పక్కన కూర్చుంది. "ఏమైంది అత్తయ్యా?"

"ఏమవుద్ది? ఏమీ అవలేదు."

"మొన్న తాళ్ళరేవులో ఎందుకు దిగలేదు?"

కృపావతమ్మ చేట పక్కన పెట్టింది. చాలాసేపు చీర అంచు సవరించుకుంది.

"ఎక్కడ దిగాలో తెలీలేదే. బస్సాగుతోంది, జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. కిటికీలోంచి చూస్తే ఊరొస్తోంది, పోతోంది. బోర్డు చదివితే పేరు తెలుస్తోంది గానీ ఊరు తెలీట్లేదు. నేనెప్పుడూ రాని దేశంలో పడ్డట్టయింది. ఆఖరికి అందరూ దిగిపోయారు. డ్రైవరొచ్చి, అమలాపురమండీ, దిగండి అన్నాడు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలుసు. నీ పుట్టినరోజు తెలుసు. మీ మామయ్య పోయిన తారీఖు తెలుసు. ఆ దారొక్కటే లేదు. మా అత్తగారిక్కూడా ముసలితనంలో మతిమరుపు ఇలాగే మొదలైంది. నాకూ వచ్చేసిందేమోనని మీకు చెప్పలేదు."

వచ్చినది ఆ జబ్బు కాదని బ్యూలాకి అప్పుడే అనుమానం వచ్చింది. జబ్బయితే ఇంత శుభ్రంగా, గీత గీసినట్టు ఒక్క దారినే తీసుకుపోదు.

మేడమీదికి పరుగెత్తింది. ఆడేవాళ్ళకి వాళ్ళు పెట్టిన నియమం ఒకటుంది. ఆడుతున్నంతసేపూ మనసులో ఏమనుకుంటున్నారో పైకి అనాలి, మైకు దాన్ని రికార్డు చేస్తుంది. బ్యూలా పదిహేడు రికార్డులూ తీసి మొదటిది పెట్టింది. అత్తగారి గొంతు హుషారుగా వినిపించింది.

"ఇదిగో, ఈ మొదటి మలుపు జగన్నాథపురం. వంతెన దిగి ఎడమ. రెండోది చొల్లంగి, తిన్నగా. మూడోది కోరంగి, కుడి. తాళ్ళరేవు, మళ్ళీ కుడి. యానాం... ఎదుర్లంక... మురమళ్ళ... ముమ్మిడివరం... ఆఁ, అమలాపురం. రైట్, రైట్!"

తొమ్మిది మలుపులకీ తొమ్మిది స్టేజీలు. ఆవిడ ఆ నేలమాళిగని తన బస్సు దారిమీద తగిలించుకుని గుర్తు పెట్టుకుంది. ఇరవయ్యారేళ్ళు బస్సులో తిరిగిన మనిషి మలుపుల్ని ఇంకెలా గుర్తుపెట్టుకుంటుంది? అయిదుగురు స్నేహితులూ ఒకటీ రెండూ అంటూ అంకెలు వేసుకున్నారు, అంకెలు జారిపోయాయి, ఎవరికీ నష్టం లేదు. కృపావతమ్మ తగిలించింది ఊళ్ళు. ప్రతిసారీ ఆవిడ ఆ ఊరిని మనసులోకి పిలిచింది, పిలిచిన మరుక్షణమే తాకిడి వచ్చి పడింది. పదిహేడుసార్లు, ఒకదాన్ని మించి ఒకటి.

బ్యూలాని కుంగదీసినది ఇంకొకటి. ఆ స్టేజీల పాట, అత్తగారు ఆడుతున్నప్పుడే ఆమె విన్నది. పక్కనే నిలబడి విన్నది. "మీ అమ్మ నేలమాళిగలో కూడా టికెట్లు కొడుతోంది" అని నతానియేలుకి చెప్పి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు కూడా. ఎనిమిదేళ్ళు మెదళ్ళు చదివిన మనిషికి, పైకి పిలిచిన పాత జ్ఞాపకం కూడా కాసేపు కొత్తదానిలాగే మెత్తబడుతుందని తెలియకపోలేదు. ఆ తెలివి ఆవేళ పనికిరాలేదు.

నతానియేలు కాలేజీనుంచి వచ్చేసరికి బ్యూలా కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. విషయమంతా చెప్పింది. అతను రికార్డు విని, నుదురు పట్టుకుని కూర్చున్నాడు.

"అంటే పాత జాడీ మూత తీసి కొత్త పచ్చడి అందులో కలిపాను," అంది గుమ్మంలోంచి కృపావతమ్మ. ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో ఇద్దరికీ తెలియదు. "బూజు రెండింటికీ పట్టింది. అంతేనా?"

"అంతే అత్తయ్యా."

"జబ్బు కాదన్నమాట."

"కాదు. నేను చేసిన పని."

జబ్బు కాదన్నందుకు ఆవిడ ముందు ఊపిరి పీల్చుకుంది. ఆ తరవాత మెల్లగా కోపం వచ్చింది. "నా ఊళ్ళు తీసుకెళ్ళి నీ గోడల్లో కట్టావన్నమాట," అంది. "ఈ వీధిలో నన్ను కృపావతమ్మ అని ఎవరు పిలుస్తారే? కండక్టరుగారంటారు. ఆ దారి నాకు తెలుసు కాబట్టే అలా పిలుస్తారు. రేపెవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పను?"

బ్యూలా ఏడ్చింది. క్షమించమంది. కృపావతమ్మ పరవాలేదని అనలేదు, అనదు కూడా. పరవా ఉంది మరి. "ఏడుపాపి, ఎలా తేవాలో చూడు" అని కిందికి దిగిపోయింది.

నతానియేలుకి ఒక ఆలోచన తట్టింది. సడలించే తాకిడిని తిరగేస్తే బిగించేది అవుతుంది కదా అన్నాడు.

"అవుతుంది. కానీ బిగించడానికి అక్కడ ఏదో ఒక నలుసైనా మిగిలుండాలి," అంది బ్యూలా. "ఖాళీచోట నొక్కితే ఏది బిగుసుకుంటుందో నాకు తెలియదు. మళ్ళీ తెలియని పని ఆవిడమీద చేయను."

"మరి?"

"ముందు నలుసు మిగిలిందో లేదో చూడాలి. బస్సెక్కుదాం."

"ప్రదర్శన?"

బ్యూలా కంప్యూటరు తన వైపు తిప్పుకుని, ఆట సిద్ధంగా లేదని, ఈ ఏడాదికి తప్పుకుంటున్నామని నాలుగు ముక్కలు రాసింది. నతానియేలు పక్కకి తిరిగి కిటికీలోంచి బయటికి చూశాడు. రెండేళ్ళ సెలవులన్నీ అతను ఆ గోడలు గీయడానికే వాడేశాడు. "మూడు వారాల్లో సరిచేయలేమా?" అన్నాడు చివరికి, చిన్నగా. "సరిచేస్తే అది ఈ ఆట కాదు," అంది బ్యూలా. అతనే చెయ్యి చాపి, పంపే మీట నొక్కాడు. అందుకు ఆమెకి అతనిమీద కలిగిన ప్రేమ ఇంతా అంతా కాదు.

సోమవారం పొద్దున ఏడింటి బస్సుకి అత్తాకోడళ్ళు బయల్దేరారు. తాకిడి పంపే తీగని బ్యూలా కత్తిరించి పారేసింది. ఇప్పుడా పట్టీ చదువుతుందే తప్ప ఏమీ చేయదు. కృపావతమ్మ దాన్ని నుదుటికి కట్టుకుని పైన తెల్ల స్కార్ఫు చుట్టుకుంది. చూసినవాళ్ళు పడిశం అనుకుంటారు. బ్యూలా ఒడిలో పలక లాంటి తెర. తెరమీద తొమ్మిది గడులు, తొమ్మిదీ నల్లగా ఉన్నాయి. "ఇది నాకు తెలుసు" అన్న మెరుపు లేస్తే గడి పసుపుపచ్చగా వెలుగుతుంది.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆవిడ కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. కొత్త కండక్టరమ్మాయి, "కూర్చోండి మేడమ్" అంటే గాని కూర్చోలేదు. బ్యూలా ఆవిడని కిటికీ పక్కకి జరిపింది.

జగన్నాథపురం వంతెన దాటారు. బస్సాగింది. బోర్డు కనిపించింది. గడి నల్లగానే ఉంది. కృపావతమ్మ కోడలి మొహంలోకి చూసి, జవాబు అడగకుండానే కిటికీవైపు తిరిగిపోయింది.

వెనక తలుపులోంచి ఒక పెద్ద బేసిను ముందొచ్చింది, దాని వెనక ఒక మనిషి వచ్చింది. చేపల వాసన బస్సంతా కమ్మేసింది. 

"ఓయమ్మో, కండట్రుగారేనా! ఏవండోయ్, బాగున్నారాండీ? రెండేళ్ళయిందండీ మిమ్మల్ని చూసి. నేనండీ, నూకరత్నాన్నండీ!"

"నూకరత్నం!" అంది కృపావతమ్మ. "ఆ బేసినుమీద మూతేదే? ఎన్నిసార్లు చెప్పాను నీకు, జగన్నాథపురంలోనే మూత పెట్టి ఎక్కమని?"

మొదటి గడి వెలిగింది.

బ్యూలా తెరవైపు చూసింది, అత్తగారివైపు చూసింది. కృపావతమ్మ తాను ఊరి పేరు చెప్పిన సంగతే ఎరగదు. నూకరత్నం బేసిను సీటుకింద తోసి పక్కన చతికిలబడి కబుర్లలోకి దిగిపోయింది. కూతురికి కొడుకు పుట్టాడట. అల్లుడు పడవ కొన్నాడట. చొల్లంగి వస్తుండగా, "అమాస తీర్థానికి జనం బస్సు మీదెక్కేస్తుంటే మీరు దిగి, చేతులు అడ్డంపెట్టి నిలబడ్డారు, గుర్తుందాండీ?" అంది. కృపావతమ్మ ఫక్కున నవ్వింది. ఆ వేళ తన చెప్పు ఒకటి తెగిపోయిందనీ, ఒంటి చెప్పుతోనే అమలాపురం దాకా వెళ్ళి వచ్చాననీ చెప్పింది. రెండో గడి వెలిగింది. ఆ తరవాత నూకరత్నం దిగడానికి లేస్తుంటే, "మెల్లగా దిగు, కోరంగిలో రోడ్డు పక్కన పల్లం ఉంటది" అని ఆవిడే హెచ్చరించింది. మూడోది.

అప్పుడు బ్యూలాకి అర్థమయింది. తాకిడి ఊళ్ళ పేర్లని చెరిపింది, మలుపుల్ని చెరిపింది. మనుషుల్ని చెరపలేదు. నేలమాళిగలో ఆవిడ ఒక్క మనిషినీ పిలవలేదు కదా, పిలవనిది మెత్తబడలేదు. అసలు ఆవిడ దారి ఊళ్ళతో కట్టిందే కాదు. ఎవరెక్కడ ఎక్కుతారు, ఎవరెక్కడ దిగుతారు అన్నదే ఆవిడకి దారి.

తాళ్ళరేవు ముందు ఇంకొకటి జరిగింది. ముందు సీట్లో నెరిసిన జుట్టున్న ఒకాయన కిటికీకి తల ఆనించి మంచి నిద్రలో ఉన్నాడు. కృపావతమ్మ ఉన్నట్టుండి లేచింది. కదిలే బస్సులో తూలకుండా రెండడుగులు ముందుకు వేసి, ఆయన సీటుమీద రెండుసార్లు తట్టింది.

"మాస్టారూ, తాళ్ళరేవు. లేవండి, బడి దాటిపోద్ది."

ఆయన ఉలిక్కిపడి లేచి, అలవాటుగా సంచీ భుజాన వేసుకుని, మెట్టుదాకా వెళ్ళి ఆగి వెనక్కి చూశాడు. "అమ్మా, మీరు రిటైరయిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు యానాం వెళ్ళిపోతున్నానండీ నేను," అన్నాడు. బస్సంతా గొల్లుమంది. కృపావతమ్మ అక్కడే నిలబడి ఉంది. బోర్డు ఇంకా రాలేదు, ఎవరూ పేరు చెప్పలేదు. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది. ఆవిడ కోడలివైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. బ్యూలా తెర ఎత్తి వెలిగిన గడిని చూపించింది.

యానాంలో ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. "ఇక్కడ సాయంత్రం పూట తాగి ఎక్కినవాళ్ళని ముందు సీట్లలో కూర్చోనివ్వకూడదు. పాటలు పాడతారు," అని కొత్త కండక్టరమ్మాయికి గంభీరంగా సలహా ఇచ్చింది. ఆ పిల్ల, "నాకు తెలీకపోవడమేంటి మేడమ్" అని తలబాదుకుంది.

బస్సు గౌతమి వంతెన ఎక్కింది. రెండువైపులా నీళ్ళు, ఎండకి మెరుస్తున్నాయి. కృపావతమ్మ కిటికీ కమ్మీ రెండు చేతులా పట్టుకుంది.

"ఇంత గోదారి ఉందేమిటే ఇక్కడ?"

"మీకు తెలియదా అత్తయ్యా? ఇదీ పోయిందా?" బ్యూలా కంగారుపడింది.

"పోలేదే. ఎప్పుడు చూశాను గనక? వంతెనమీద ఎవరూ దిగరు కదా, అప్పుడే వెనక్కెళ్ళి ఎదుర్లంకలో దిగే పిల్లల పాసులు చూసేదాన్ని. ఇరవయ్యారేళ్ళు రోజుకి నాలుగుసార్లు దీన్ని దాటాను, స్థిమితంగా కూర్చుని దాటడం ఇదే. మొన్న ఆ కంగారులో ఏం చూశానో నాకే తెలీదు." ఆవిడ వంతెన అయ్యేదాకా కిటికీ కమ్మీ వదల్లేదు. బ్యూలా కూడా తెరవైపు చూడడం మానేసి నీళ్ళవైపే చూసింది. వంతెన దిగాక చూస్తే ఎదుర్లంక గడి ఎప్పుడో వెలిగి ఉంది.

తరవాతి ఊరు మురమళ్ళ. బస్సాగింది. పట్టుచీరలు, పూలబుట్టలు, కొబ్బరికాయలతో ఒక పెద్ద గుంపు దిగింది. అక్కడి గుళ్ళో దేవుడికి రోజూ కల్యాణం జరుగుతుంది, దూరదూరాలనుంచి మొక్కులవాళ్ళు వస్తారు. కృపావతమ్మ ఒక్కొక్కరి మొహమూ పరీక్షగా చూసింది. బస్సు కదిలింది. గడి నల్లగానే ఉండిపోయింది.

"ఇక్కడ దిగేవాళ్ళు నాకెవరూ తెలీదే," అంది ఆవిడ నెమ్మదిగా. "మొక్కు తీర్చుకోను జన్మకోసారి వస్తారు. మళ్ళీ ఎక్కరు."

ముమ్మిడివరంలో టీ కొట్టు కుర్రాడు కిటికీలోంచి గ్లాసు అందిస్తూ, "నాన్న చెప్పేవాడండి, కండక్టరుగారికి పంచదార తక్కువని" అన్నాడు. అది చాలు. అమలాపురం గడి బస్సు స్టాండులోకి తిరగకముందే వెలిగింది. తొమ్మిదిలో ఎనిమిది వచ్చాయి. తిరుగు ప్రయాణంలోనూ మురమళ్ళ రాలేదు. ఆ వారంలో ఇంకో రెండుసార్లు వెళ్ళారు. అప్పుడూ రాలేదు.

బ్యూలా ఆటని మొదటినుంచీ మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు పట్టీ దేన్నీ సడలించదు. చెరలో ఆడేవాడితోపాటు ఇంకో ఎనిమిదిమంది ఉంటారు. ఒక్కొక్కరు ఒక్కో మలుపులో దిగాల్సినవాళ్ళు. ఎవరెక్కడ దిగాలో వాళ్ళ కబుర్లు వింటేనే తెలుస్తుంది. అందరినీ ఎవరి చోట వాళ్ళని దింపితేగాని ఆఖరి తలుపు తెరుచుకోదు, ఒంటరిగా బయటపడే దారి లేదు. నతానియేలు గోడలు చాలామటుకు పనికొచ్చాయి. కొత్తగా అతను మొహాలు గీస్తున్నాడు. సీటుకింద బేసిను పెట్టుకున్న మనిషి మొహం ఒకటి అతనికి భలే కుదిరింది. వచ్చే ఏడాది ప్రదర్శనకి ఆట పూర్తవుతుందో లేదో తెలియదు. ఆ సంగతి పెద్దగా ఎవరూ ఎత్తడం లేదు, గదిలోంచి నవ్వులు మాత్రం వినిపిస్తున్నాయి.

మురమళ్ళ సంగతి బ్యూలాకి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆఖరికి ఒకరోజు చెప్పేసింది. "అత్తయ్యా, బోర్డు పదిసార్లు చూశారు కాబట్టి ఇప్పుడు అక్కడ కొత్త నలుసు ఒకటి పడి ఉంటుంది. పెద్ద డాక్టర్లని పక్కన పెట్టుకుని, జాగ్రత్తగా, ఒక్కసారి బిగించే తాకిడి ఇస్తే నిలబడుతుందేమో. మీరు సరేనంటేనే."

"ఆలోచించి చెబుతాలే," అంది కృపావతమ్మ. "రేపు ఖాళీయేనా? తాళ్ళరేవు చెల్లి రమ్మంటోంది."

తాళ్ళరేవులో భోజనాలయ్యాక ఆవిడ ఇంటికి వచ్చే బస్సెక్కలేదు. కోడల్ని వెంటబెట్టుకుని అమలాపురం వెళ్ళేది ఎక్కింది. ఎందుకని అడిగినా చెప్పలేదు. కిటికీ పక్క సీటు కోసం ఒక కాలేజీ పిల్లతో బేరమాడి మరీ సంపాదించింది. బ్యూలా ముందు సీట్లో కూర్చుంది. వంతెన దాటారు. గోదారి చూసుకున్నారు. కొబ్బరితోటలు దాటి బస్సు ఒక ఊళ్ళో ఆగింది. పూలబుట్టలవాళ్ళు దిగుతున్నారు.

బోర్డు ఎదురుగానే ఉంది. కృపావతమ్మ దానివైపు చూడలేదు. కావాలనే చూడలేదు. పక్కనున్న కాలేజీ పిల్ల భుజం తట్టింది.

"ఇది ఏ ఊరమ్మా?"

"మురమళ్ళండి మామ్మగారూ," అంది ఆ పిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి. "మీరిక్కడ దిగాలా? బరువులున్నాయా? ఉండండి, నేను దింపుతాను. ఓ కండక్టరుగారూ, ఆపండి, పెద్దావిడ దిగుతారు!"

"కాదు తల్లీ, నేను పోవాల్సింది అమలాపురం. కూర్చో."

"అయితే అమలాపురం రాగానే నేను చెబుతాను. మీరు నిద్రపోండి," అని ఆ పిల్ల ఆవిడ సంచీ అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

కృపావతమ్మ మొహం అప్పుడు చూడాలి. ఇరవయ్యారేళ్ళలో లక్షమందికి చెప్పి ఉంటుంది ఆ మాట. తనకెవరైనా చెప్పడం ఇదే మొదలు. ఆవిడ ఆ సంచీ అలా ఆ పిల్ల ఒళ్ళోనే వదిలేసి, కోడలివైపు వంగి చెవిలో అంది.

"ఆ డాక్టర్లూ గీక్టర్లూ వద్దులేవే. ఇదొక్కటీ ఇలాగే ఉండనీ."

చెప్పి, తల కిటికీకి ఆనించుకుని, ఏ ఊరొస్తుందో చూసుకునే పనిలేకుండా కళ్ళు మూసుకుంది.